కళ్ళకు కట్టిన మాయాబజారు

1957లో వచ్చిన “మాయాబజార్” చిత్రంలో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉన్నది. ఆ చిత్రం చూడని తెలుగువారు అరుదు కనుక కథంతా చెప్పనక్కరలేదు. ఆ పెట్టె మూత తీసి చూసినవారికి తమకు అన్నిటికంటె ప్రియమైనది ఏదో అదే లోపల కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. బలరామదేవునికి దుర్యోధనుడు కనిపించాడు. రేవతీదేవికి నగలు కనిపించాయి. తీరా కృష్ణపరమాత్మ చూసేసరికి శకుని మామ ప్రత్యక్షమయ్యాడు! ఎవరి మనస్సులో ఏమున్నదో పెట్టె బయటపెట్టేసిందన్నమాట.

అరవై ఏళ్ళు దాటిన తరువాత, అటువంటి పెట్టె ఇప్పుడు బజారులో అమ్మకానికి వచ్చింది. మూత తీసి చూడటం కాదు, దీన్ని ఏకంగా కళ్ళకే కట్టుకోవాలి. ఈతగాళ్ళు పెట్టుకునే కళ్ళద్దాలను నాలుగింతలు పెద్దవి చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బరువు అరకిలోకు అటూ ఇటూ. పట్టీ బిగించుకోగానే మీరు కూర్చున్న గదీ, గోడమీది క్యాలెండరూ, కాఫీ పట్టుకొస్తున్న ఇల్లాలూ అందరూ మాయమైపోతారు. హిమాలయమో, సముద్రగర్భమో, చంద్రమండలమో ఎదుట నిలుస్తుంది. తల కుడికి తిప్పితే ఆ లోకంలో కుడివైపు ఉన్నది కనిపిస్తుంది. వెనక్కు తిరిగితే వెనుక ఉన్నది కనిపిస్తుంది. మీరు చెయ్యి చాస్తే అక్కడ కూడా ఒక చెయ్యి ముందుకు వస్తుంది. దీన్ని వర్చువల్ రియాలిటీ అంటారు. పలకటానికి కాస్త బరువుగా ఉన్నది గనుక, ఈ వ్యాసం వరకు మాయాదర్శనం అందాం.

సినిమాకూ దీనికీ తేడా ఏమిటని అడగవచ్చు. సినిమా తెరకు అంచులున్నవి. పక్క కుర్చీలో పెద్దాయన దగ్గుతూ ఉంటాడు, వెనుక ఎవరో వేరుసెనగకాయలు వొలుస్తూ ఉంటారు. పులి మీదికి దూకినా, అది తెరమీది పులి అని మనకు తెలుస్తూనే ఉంటుంది. మాయాదర్శనానికి అంచులు లేవు. అక్కడ పులి మీ వెనుక కూడా ఉండవచ్చు.

మనస్సుకు తెలుసు, మోకాళ్ళకు తెలియదు

మయసభలో దుర్యోధనుడి సంగతి తలచుకోండి. స్ఫటికపు నేలను చూసి నీళ్ళనుకుని పంచె పైకి ఎత్తాడు. తరువాత నిజమైన నీళ్ళను నేల అనుకుని అడుగువేసి పడ్డాడు. ఆయన తెలివితక్కువవాడు కాడు. కన్ను చెప్పింది, చెయ్యి పంచె ఎత్తింది. మధ్యలో బుద్ధిని ఎవరూ అడగలేదు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెరెమీ బెయిలెన్‌సన్ అనే ఆచార్యుడు 2003లో ఒక ప్రయోగశాల నెలకొల్పాడు. అక్కడికి వచ్చే అతిథులకు చూపే వింతలలో ఒకటి ఇది. మీరు నిలుచున్న నేల మీ ఎదుటనే విచ్చుకుని పెద్ద గొయ్యి అవుతుంది. దాని మీద అడ్డంగా ఒక పలక. పలక మీద నడిచి అవతలికి పొమ్మంటారు. అది ఉత్త గది అనీ, గొయ్యి బొమ్మ అనీ, పడినా చదునైన నేలమీదే పడతామనీ ప్రతివారికీ తెలుసు. అయినా అరచేతులకు చెమట పడుతుంది, కాళ్ళు వణుకుతాయి. చదువుకున్న పెద్దమనుషులు సైతం అడుగు వేయలేక నిలబడిపోతారు.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మాయాదర్శనం చేసే మేలూ కీడూ రెండూ అర్థమవుతాయి. ఈ యంత్రం బుద్ధిని మోసం చేయదు. అంత శ్రమ దానికి అక్కరలేదు. దేహాన్ని నమ్మిస్తుంది. దేహం నమ్మిన తరువాత బుద్ధి ఎంత మొత్తుకున్నా వినిపించుకునేవాడు ఉండడు.

ఇందులోని కిటుకు చాలా పాతది. మన రెండు కళ్ళకూ మధ్య రెండున్నర అంగుళాల దూరం ఉన్నది గనుక ఒక్కో కన్ను ఒక్కో రకంగా చూస్తుంది. ముక్కుకెదురుగా వేలు నిలబెట్టి ఒక కన్ను మూసి, మరొకటి తెరిచి చూడండి, వేలు జరిగినట్లు కనిపిస్తుంది. ఆ రెండు చూపులనూ కలిపి మెదడు లోతును కల్పించుకుంటుంది. ఈ సూత్రాన్ని 1838లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించి, రెండు బొమ్మలను ఒక్కో కంటికి ఒక్కొక్కటి చూపే స్టీరియోస్కోపు తయారుచేశాడు. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో, డేవిడ్ బ్రూస్టర్ రూపొందించిన కటకాల స్టీరియోస్కోపును చూసి విక్టోరియా రాణి ముచ్చటపడింది. ఆ పిమ్మట ఇంటింటా అదే వేడుక. 1939లో వచ్చిన వ్యూమాస్టరును మన ఇళ్ళలో నడివయస్సువారు ఎరుగుదురు. కార్డుబిళ్ళ దోపి మీట నొక్కితే తాజమహలు కళ్ళముందు ఉబికి వచ్చేది. ఒక్కో బిళ్ళలో ఏడు జతల బొమ్మలు. తిరునాళ్ళలో కన్నాలకు కళ్ళు ఆనించి కాశీపట్నం చూసే పెట్టెలో ఈ లోతు లేదు గాని, చుట్టూ ఉన్న లోకాన్ని కనబడనీయకుండా మూసివేయటమనే సగం విద్య అక్కడే ఉన్నది.

తక్కిన సగం, చూసేవాడు కదిలితే బొమ్మ కూడా కదలటం. దానికి కంప్యూటరు రావలసివచ్చింది. మధ్యలో మార్టన్ హైలిగ్ అనే అమెరికను ఛాయాగ్రాహకుడు కంప్యూటరు లేకుండానే ఒక విచిత్రయంత్రం చేశాడు. దాని పేరు సెన్సొరామా, 1962లో పేటెంటు పొందింది. అందులో తలదూర్చి కూర్చుంటే మోటారుసైకిలు మీద బ్రూక్లిన్ వీథులలో పోతున్నట్లు ఉండేది. కుర్చీ అదిరేది, మొగాన గాలి కొట్టేది, దారిలో వాసనలు కూడా వచ్చేవి! పెట్టుబడి పెట్టేవాడు దొరకలేదు, యంత్రం మూలపడింది. 1968లో ఐవన్ సదర్లండ్ అనే ఆచార్యుడు కంప్యూటరుతో నడిచే మొదటి తలతొడుగు చేశాడు. దాన్ని ఇంటి కప్పునుంచి వేలాడదీయవలసివచ్చింది. అందులో కనిపించింది గాలిలో తేలే ఒక గీతల డబ్బా మాత్రమే. కాని తల కదిపితే ఆ డబ్బా పక్క ముఖం కనిపించింది. “వర్చువల్ రియాలిటీ” అన్న పేరు లోకంలో పాకింది ఆ తరువాత, 1980లలో, జారన్ లేనియర్ అనే ఆయన వల్ల.

నేటి పెట్టెలో రెండు చిన్న తెరలు, రెండు కటకాలు, తల కదలికను పసిగట్టే పరికరాలు ఉంటాయి. తెర మీద బొమ్మ సెకనుకు 90 సార్లు మారుతుంది. మీ తల కదలటానికీ బొమ్మ కదలటానికీ మధ్య సెకనులో యాభయ్యో వంతుకు మించి ఆలస్యం కాకూడదు. అయిందా, కడుపులో తిప్పుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సులో పత్రిక చదివి అవస్థపడినవారికి ఇది అనుభవమే. అక్కడ కదులుతున్నామని చెవిలోపలి సమతూకపు అవయవం చెబుతుంది, లేదని కన్ను చెబుతుంది. ఇక్కడ అది తలకిందులు. కన్ను పరుగెడుతున్నామంటుంది, చెవి కూర్చున్నామంటుంది. ఫలితం మాత్రం ఒకటే.

కాలిన ఒంటికి మంచులోయ

ఇంతకూ ఈ దేహాన్ని నమ్మించే విద్యవల్ల ఎవరికైనా ఒరిగిందేమిటి? ఇక్కడ నాకు అన్నిటికంటె గొప్పగా తోచిన సంగతి చెబుతాను.

అమెరికా పడమటి తీరాన సియాటిల్ నగరంలో హార్బర్‌వ్యూ అనే ఆసుపత్రి ఉన్నది. కాలిన గాయాల వైద్యానికి అది పేరుపొందినది. ఇంట్లో ఎవరైనా కాలినవారికి చాకిరీ చేసినవారికి ఒక సంగతి తెలుసు. కాలినప్పటి బాధ ఒక ఎత్తు. ఆ తరువాత వారాల తరబడి మాటిమాటికీ కట్లు విప్పి, చచ్చిన చర్మం తీసి, కడిగి, మళ్ళీ కట్టే బాధ ఒక ఎత్తు. మార్ఫిను వంటి మందులు ఇచ్చినా ఆ కాసేపు నరకమే. స్టవ్వు పేలి, చీరకొంగు అంటుకుని, దీపావళి మతాబాలు పైబడి మన పెద్దాసుపత్రులకు వచ్చేవారు ఎందరో. కట్లు మార్చే వేళ ఆ వార్డు పక్కగా నడిచినవారికి వేరే వర్ణించనక్కరలేదు.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1990లలో ఒక ఆలోచన చేశారు. గాయం చర్మం మీద ఉండవచ్చు గాని, అది నొప్పి అని గ్రహించేది మెదడు. గ్రహించటానికి ధ్యాస కావాలి. మనిషికున్న ధ్యాస మితమైనది. దాన్ని ఇంకెక్కడికైనా ఎత్తుకుపోతే నొప్పికి మిగిలేదెంత? పసిపిల్లకు సూది పొడిచేటప్పుడు మన అమ్మమ్మలు “అదుగో కాకి” అంటారే, ఆ ఉపాయమే! కాకి బదులు మొత్తం ఒక లోకాన్ని చూపించాలని వీరి యత్నం.

ఆ లోకానికి “స్నోవరల్డ్” అని పేరు పెట్టారు. ఎత్తయిన మంచుగోడల మధ్య లోయ. పైనుంచి మంచు మెల్లగా రాలుతూ ఉంటుంది. రోగి ఆ లోయలో తేలుతూ పోతూ, దారిలో కనిపించే మంచుబొమ్మల మీదికీ పెంగ్విన్ పక్షుల మీదికీ మంచు ఉండలు విసురుతూ ఉంటాడు. నిప్పుల్లో కాలినవాడి దేహానికి ఎక్కడ చూసినా చలువ. అతడు అక్కడ పక్షుల మీదికి ఉండలు విసురుతూ ఉండగా, ఇక్కడ నర్సు కట్లు విప్పుతూ ఉంటుంది.

2000లో వీరు “పెయిన్” అనే వైద్యపత్రికలో ఇద్దరు కుర్రవాళ్ళ సంగతి ప్రకటించారు. కట్లు మార్చేటప్పుడు కొంతసేపు మామూలు వీడియో ఆట ఇచ్చారు, కొంతసేపు మాయాదర్శనం ఇచ్చారు. ఆటకంటె మాయాదర్శనంలో బాధ బాగా తగ్గినట్లు ఇద్దరూ చెప్పారు. ఇద్దరి మాట పట్టుకుని ఊరేగకూడదు గదా, అందుకని 2004లో ఆరోగ్యవంతులకు ఓర్చుకోగలిగినంత వేడి తగిలించి మెదడును స్కానింగు చేసి చూశారు. నొప్పికి సంబంధించిన ఐదు భాగాలలోనూ సంచలనం తగ్గింది. అంటే రోగి మొహమాటానికి చెప్పటం కాదు, మెదడులోనే అణగిపోతున్నదన్నమాట. 2011లో యుద్ధంలో కాలిన 12 మంది అమెరికను సైనికుల మీద చేసిన ప్రయోగం వెలువడింది. చికిత్స జరుగుతున్నంతసేపటిలో నొప్పిని గురించి ఆలోచిస్తూ గడిపిన కాలం మామూలుగా నూటికి 76 పాళ్ళు. మంచులోయలో ఉన్నప్పుడు 22 పాళ్ళు.

మందులు మాని పెట్టె తగిలించారని ఎవరూ అపార్థం చేసుకోకూడదు. మందులకు ఇది తోడు మాత్రమే. కాని ఆ తోడు విలువ ఆ బల్ల మీద పడుకున్నవారికి తెలుస్తుంది. ఒకప్పుడు ఈ సామగ్రికి పెద్ద ప్రయోగశాలలకుండే డబ్బు కావలసివచ్చేది. 2024లో అమెరికాలో 300 డాలర్లకు ఒక మంచి పెట్టె వచ్చింది. ఆసుపత్రిలో ఒక మంచం ఖరీదు కాదు. బజారులో ఆటవస్తువుగా అమ్ముడవుతున్న ఈ పెట్టె ముందుగా చేరవలసిన చోటు మన కాలిన గాయాల వార్డులే అని నా అభిప్రాయం.

భయం విషయంలోనూ ఇదే విద్య పనిచేసింది. ఎత్తులంటే కళ్ళు తిరిగే విద్యార్థులను అట్లాంటా నగరంలో బార్బరా రోత్‌బామ్, లారీ హాడ్జెస్ అనేవారు మాయా వంతెనల మీదా, అద్దాల లిఫ్టులోనూ కొద్దికొద్దిగా ఎక్కించారు. ఫలితాలు 1995లో ప్రకటించారు. భయం తగ్గటమే కాదు, వారిలో కొందరు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి నిజమైన ఎత్తులు ఎక్కి చూసుకున్నారు. యుద్ధం నుంచి తిరిగివచ్చి, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచే సైనికులకు వైద్యుని సమక్షంలో ఆ యుద్ధాన్నే మళ్ళీ చూపించి నయంచేసే పద్ధతి కూడా వచ్చింది. శస్త్రవైద్యం సంగతి 2002లో అమెరికాలో పరీక్షించారు. పిత్తాశయం తీసే ఆపరేషను మాయాయంత్రం మీద సాధన చేసి వచ్చిన యువవైద్యులు, చేయనివారికంటె నూటికి 29 పాళ్ళు వేగంగా పనిచేశారు. తప్పులు ఆరో వంతే చేశారు. నేర్చుకునేటప్పటి తప్పులు నా కడుపు మీద కాక యంత్రం మీదే జరగాలని కోరుకోని రోగి ఎవరు?

వ్యాపారం సంగతి

ఇన్ని మంచిపనులు చేసే యంత్రానికి డబ్బు పెట్టినవారు మాత్రం ఆసుపత్రులవారు కారు. ఓక్యులస్ అనే చిన్న కంపెనీని 2014లో ఫేస్‌బుక్కువారు 200 కోట్ల డాలర్లకు కొన్నారు. రేపటి లోకమంతా ఈ పెట్టెలోనే అనుకుని 2021లో తమ కంపెనీ పేరునే మెటా అని మార్చుకున్నారు. ఆఫీసు అక్కడే, బజారు అక్కడే, కచేరీ అక్కడే అన్నారు. జనం అంతగా పోలేదు. ఒక్క 2024లోనే వారికి ఈ శాఖలో వచ్చిన నష్టం సుమారు 1770 కోట్ల డాలర్లు. ఆపిల్ కంపెనీవారు అదే సంవత్సరం 3499 డాలర్లకు తమ పెట్టెను తెచ్చారు. మన మధ్యతరగతి కుటుంబీకుడు ఆ ధర చూసే మూర్ఛపోవచ్చు, పెట్టె పెట్టుకోనక్కరలేదు.

అంత డబ్బు పోగొట్టుకుంటూ కూడా ఎందుకు వదలరో ఆలోచించవలసి ఉన్నది. పెట్టెలోకి మనం చూస్తున్నామని అనుకుంటాం. పెట్టె కూడా మనల్ని చూస్తుంది. తల ఎటు తిరిగింది, చెయ్యి ఎంత వేగంగా లేచింది, కొన్ని యంత్రాలలో కంటిపాప ఎక్కడ నిలిచింది అన్నీ అది గమనించవలసిందే. లేకపోతే పనిచేయదు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంవారు 2023లో ఒక విశేషం బయటపెట్టారు. మాయాలోకంలో కత్తులు తిప్పే ఒక ఆట ఆడిన 50,000 మందికి పైగా మనుషుల తల, చేతుల కదలికలు తీసుకున్నారు. పేరు లేదు, ముఖం లేదు, గొంతు లేదు. ఒక మనిషి 100 సెకన్లు కదిలిన తీరును చూపితే, ఇన్ని వేలమందిలో అతడెవరో కంప్యూటరు నూటికి 94 సార్లు సరిగా చెప్పింది. వీథి చివర నడిచివస్తున్నది మన మామయ్యగారే అని నడకను బట్టి పోల్చుకుంటాం చూడండి, అదే. కాకపోతే ఈ మామయ్య ఎవరో మనకు తెలియని వ్యాపారి లెక్కపుస్తకంలో ఉంటాడు. శశిరేఖ ప్రియదర్శిని తెరిస్తే కనిపించినది పక్కనున్నవారికి మాత్రమే తెలిసింది. ఈ పెట్టెలో ఏది చూసి కన్ను ఆగిందో అది లెక్కకట్టి అమ్ముకోదగిన సరుకు.

ఆడపిల్లలున్న ఇళ్ళవారు మరొకటి తెలుసుకోవాలి. ఈ లోకాలలో మనిషికి బదులు ఒక బొమ్మ తిరుగుతుంది. బొమ్మలు కలుసుకుంటాయి, మాట్లాడుకుంటాయి. 2016 నుంచే కొందరు స్త్రీలు, అక్కడ అపరిచితులు తమ బొమ్మమీద చేతులు వేసి వేధించారని వ్రాశారు. “బొమ్మే గదా, పెట్టె తీసేస్తే సరిపోయె” అని కొట్టిపారేసినవారు ఉన్నారు. పలక మీద నిలబడి మోకాళ్ళు వణికినవాడు ఆ మాట అనడు. దేహం నమ్మిందంటే అవమానాన్ని కూడా నమ్ముతుంది. చివరకు 2022 ఫిబ్రవరిలో మెటావారు తమ లోకంలో బొమ్మకూ బొమ్మకూ మధ్య నాలుగడుగుల ఎడం ఉండేటట్లు అడ్డుగీత ఒకటి పెట్టారు.

పిల్లల విషయంలో స్టాన్‌ఫర్డువారే 2009లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. కొందరు పిల్లలకు, తాము తిమింగలాలతో కలిసి ఈదుతున్నట్లు మాయాదర్శనంలో చూపించారు. కొన్నాళ్ళకు అడిగితే వారిలో పలువురు అది నిజంగా జరిగిందనే చెప్పారు. మరీ పసివాళ్ళయితే చూపించినా, ఊరికే కథగా చెప్పినా నిజమనే నమ్మారు. బడికి పోయే ఈడు పిల్లలలో మాత్రం చూపినదానికి బలం ఎక్కువ కనిపించింది. అబద్ధమాడటం కాదు సుమా, జ్ఞాపకమే అలా ఏర్పడింది. మెటావారు మొదట 13 ఏళ్ళు నిండనివారికి పెట్టె వద్దన్నారు. 2023లో తల్లిదండ్రుల అజమాయిషీతో 10 ఏళ్ళవారికి కూడా తలుపు తీశారు. ఈ మూడేళ్ళ తగ్గింపు పిల్లల మేలుకోరి చేసినదని నేను నమ్మలేకుండా ఉన్నాను.

సియోలులో ఒక తల్లి

దక్షిణ కొరియాలో ఒక తల్లికి ఏడేళ్ళ కూతురు ఉండేది. 2016లో రక్తానికి సంబంధించిన అరుదైన జబ్బుచేసి పోయింది. ఆ పాప ఫోటోలూ, వీడియోలూ తీసుకుని, అదే ఈడు పిల్ల ఒకతె కదలికలను ఆధారం చేసుకుని, సియోలులోని ఎం.బి.సి. టెలివిజన్‌వారు నెలల తరబడి శ్రమించి ఆ పాపను మాయాదర్శనంలో నిలబెట్టారు. 2020 ఫిబ్రవరిలో ఆ కార్యక్రమం ప్రసారమైంది.

ఆకుపచ్చ గుడ్డలు కట్టిన ఖాళీ గదిలో తల్లి పెట్టె కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని నిలుచున్నది. ఆమె కళ్ళకు అది తాము ఎప్పుడో వెళ్ళిన తోట. దుంగల చాటునుంచి పాప పరుగెత్తుకుంటూ వచ్చింది, అమ్మా అంటూ. తల్లి చేతులు చాచింది. జుట్టు సవరించబోయింది. చూసేవారికి కనిపించేది మాత్రం, ఒక స్త్రీ ఒట్టి గాలిని నిమురుతూ కుమిలిపోవటం. ఒక పక్కన భర్తా, తక్కిన పిల్లలూ కూర్చుని కన్నీరు కారుస్తున్నారు. పాపకు పుట్టినరోజు కేకు మీద దీపాలు వెలిగించారు. చివరకు పాప నిద్ర వస్తున్నదని పడుకున్నది. సీతాకోకచిలుక అయి ఎగిరిపోయింది.

ఆ దృశ్యాన్ని ఇంటర్నెట్‌లో కోటిమందికి పైగా చూశారు. తల్లి గుండె భారం దిగిందని కొందరన్నారు. ఒక తల్లి దుఃఖాన్ని సంతలో పెట్టారని కొందరన్నారు. మరుసటి సంవత్సరం అదే కార్యక్రమంలో భార్యను పోగొట్టుకున్న భర్త ఒకరు ఆమెను చూశారు. మనకు మరీ దూరం కూడా అక్కరలేదు. చిత్తూరు జిల్లాకు ఆనుకుని ఉన్న తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో, 2022 ఫిబ్రవరిలో, పెళ్ళయిన ఒక జంట తమ విందును మాయాలోకంలో జరుపుకున్నారు. ఊళ్ళో పెళ్ళి మామూలుగానే జరిగింది. విందుకు మాత్రం అతిథులు ఎక్కడివారు అక్కడనుంచే బొమ్మల రూపంలో వచ్చారు. అంతకు ముందు సంవత్సరమే పోయిన పెళ్ళికూతురి తండ్రి కూడా, బొమ్మ రూపంలోనే, కూతురి విందుకు వచ్చాడు.

నేను ఈ తల్లినీ ఆ కూతురినీ తప్పుపట్టలేను. పోయినవారిని ఒక్కసారి చూడాలని ఎవరికి ఉండదు? ఆ కోరికకు పెట్టెలు రాకముందే మనవాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఏడాదికి ఒకసారి తిథినాడు పేరుపెట్టి పిలుస్తాం. వారికి ఇష్టమైనవి వండుతాం. విస్తరి వేస్తాం. అంతా అయిన తరువాత ఉద్వాసన చెప్పి పంపుతాం. పిలవటం ఎంత ముఖ్యమో పంపటం అంత ముఖ్యమని పురోహితుడు ఎవరికీ ఉపన్యసించడు. మంత్రం చెప్పించి పంపించేస్తాడు, అంతే.

సియోలువారు చేసినదానిలో నాకు నచ్చినది ఆ పాప పడుకోవటం. ఎవరు తలపెట్టారోగాని, పిలిచినవారే పంపే ఘట్టం కూడా అందులో పెట్టారు. అది ఒక టెలివిజను కార్యక్రమం గనుక ఎక్కడో ఒకచోట ముగియవలసివచ్చింది. రేపు ఎవడో వ్యాపారి అదే పాపను నెలకింత అని చందా కట్టించుకుని, రోజూ సాయంత్రం ఆ తల్లి ఇంటికే పంపిస్తానంటే, కథలో ఆ నిద్రపోయే ఘట్టం ఉంచుతాడా?